నత్తి: నాలుక దోషమా, భయమా?

మాట్లాడడం మనకు ఊపిరి పీల్చుకొన్నంత సులభంగా కనిపిస్తుంది. కాని దేహం చేసే పనులలో ఇంత సున్నితమైనది, ఇంత వేగమైనది మరొకటి దొరకడం కష్టం. 'కలం' అనే చిన్న మాటను తీసుకోండి. ముందుగా ఊపిరితిత్తులనుండి గాలి ఒక నియమిత వేగంతో బయలుదేరవలె. నాలుక వెనుకభాగం పైకి లేచి, అంగిలిని తాకి, ఆ గాలిని లిప్తకాలం అడ్డగించి వదలవలె. వదలిన వెంటనే కంఠంలోని స్వరతంత్రులు దగ్గరకు చేరి కంపించవలె. అంతలోనే నాలుక కొన పైకి పోయి లకారాన్ని పలకవలె. చివరకు పెదవులు మూసుకొని, గాలి ముక్కుగుండా వెలువడవలె. ఇదంతా అర సెకనుకు మించకుండా పూర్తవుతుంది. సాధారణ సంభాషణలో మనం సెకనుకు పది, పన్నెండు ధ్వనులు పలుకుతాము. వీటిలో ప్రతిదానికీ ఏ కండరం ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు ఆగవలెనో మెదడు ముందుగానే నిర్ణయించి పెడుతుంది.

ఈ ఏర్పాటులో కాలం తప్పినప్పుడు వచ్చేది నత్తి. సంగీతం తెలిసినవారు దీనిని తాళం తప్పడంతో పోల్చుకోవచ్చు. కీర్తన వచ్చు, రాగం వచ్చు, గొంతు బాగున్నది. ఎత్తుగడ మాత్రం సమయానికి పడలేదు.

నత్తి మూడు విధాలుగా బయటపడుతుంది. 'క-క-క-కలం' అని మొదటి అక్షరం మళ్ళీ మళ్ళీ రావడం ఒకటి. 'స్స్స్సూర్యుడు' అని ధ్వని సాగిపోవడం రెండవది. ఈ రెండూ అందరికీ తెలిసినవే. నాటకాలలోను, సినిమాలలోను నవ్వించడానికి వాడుకొనేవి ఇవే. మూడవది అంతగా తెలియదు. నోరు మాటకు సిద్ధమై ఉంటుంది, స్వరతంత్రులు బిగుసుకొనిపోతాయి, శబ్దం అసలే రాదు. రెండు మూడు సెకన్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువసేపు, మనిషి మౌనంగా నిలబడిపోతాడు. తరగతిలో ఈ మౌనానికి ఒకే అర్థం చెప్పుకొంటారు: వీడికి జవాబు తెలియదు. నిజానికి అతనికి జవాబు తెలుసు. ఏ మాట, ఏ అక్షరంతో మొదలవుతుందో కూడ స్పష్టంగా తెలుసు. మాటకోసం వెదకుకోవడం వేరు, దొరికిన మాట బయటికి రాకపోవడం వేరు.

ఉపాధ్యాయులను మరింత తికమకపెట్టే సంగతి ఒకటున్నది. ఇదే కుర్రవాడు పద్యం రాగయుక్తంగా చదివితే ఒక్కచోట కూడ ఆగడు. అందరితో కలిసి ఎక్కాలు వల్లిస్తే అతని గొంతులో తడబాటు వినిపించదు. ఇంటివద్ద దూడతో మాట్లాడేటప్పుడు, ఒంటరిగా తనలో తాను మాట్లాడుకొనేటప్పుడు అతనికి నత్తి దాదాపు ఉండదు. హాజరు పిలిచినప్పుడు "ఉన్నానండి" అనడానికి మాత్రం చెమటలు పడతాయి. తన పేరు చెప్పడం అన్నిటికంటె కష్టం. దీనిని చూచి, పాడేటప్పుడు రాని నత్తి మాట్లాడేటప్పుడు ఎందుకు వస్తున్నది, ఇది భయమో, వేషమో, లేక వట్టి అలవాటో అయి ఉంటుందని అనుకోవడం సహజం. కాని ఈ వింతలోనే నత్తి స్వభావం తెలుసుకోవడానికి దారి ఉన్నది. కొంత ఆగి మళ్ళీ దీని దగ్గరకు వద్దాం.

నత్తి సాధారణంగా రెండు, అయిదు సంవత్సరాల మధ్య, అంటే పిల్లవాడు చిన్నమాటలు దాటి వాక్యాలు కూర్చడం నేర్చుకొనే రోజులలో మొదలవుతుంది. నూరుమంది పిల్లలలో అయిదుగురికో అంతకు కొంచెం ఎక్కువమందికో ఏదో ఒక దశలో ఇది కనిపిస్తుంది. వారిలో నలుగురిలో ముగ్గురికి పైగా కొన్ని సంవత్సరాలలో దానంతట అదే పోతుంది. మిగిలినవారికి జన్మాంతం ఉంటుంది. పెద్దవారిలో నూటికి సుమారు ఒకరికి నత్తి ఉన్నదని అంచనా. ఆడపిల్లలలో తగ్గిపోవడం ఎక్కువ. అందువల్ల పెద్దవారిలో నత్తిగల స్త్రీ ఒకరుంటే పురుషులు నలుగురుంటారు. ఆరువందలమంది చదివే ఉన్నత పాఠశాలలో ఇట్టివారు అయిదారుగురు ఉండవచ్చునన్నమాట. మీ పాఠశాలలో ఒక్కరే కనిపిస్తున్నారంటే, మిగిలినవారు నోరు విప్పడం లేదని కూడ అనుమానించవలె.

నత్తికి కారణం ఏమిటన్న ప్రశ్న చాల పాతది. మొదట అందరి దృష్టి నాలుకమీద పడింది. మన ఇళ్ళలో ఇప్పటికీ "నాలుక మందం" అంటారు. పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి నాకించడం మన పాత ఆచారం. ఎడతెగక మాట్లాడే పిల్లను 'వసపిట్ట' అనడం దీనినుండి వచ్చినదే. వస నత్తిని పోగొడుతుందనడానికి ఆధారం లేదు. పైగా అందులోని బీటా-అసరోన్ అనే పదార్థం ఎలుకలలో పుట్టకురుపు కలిగిస్తుందని తేలడంతో, అమెరికా 1968లో ఆహారపదార్థాలలో దాని వాడకాన్ని నిషేధించింది. ఐరోపావారు మనకంటె దూరం పోయినారు. 1841లో డీఫెన్‌బాఖ్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు బెర్లిన్‌లో నత్తిగలవారి నాలుక మొదట ఒక ముక్క కోసి తీసివేయడం మొదలుపెట్టాడు. అప్పటికి మత్తుమందు ఇంకా వాడుకలోకి రాలేదు! నాలుక పోయినదే కాని నత్తి పోలేదు. నాలుకలో దోషముంటే పద్యంలో కూడ అది కనిపించవలె గదా.

ఇరవయ్యవ శతాబ్దంలో పరిశోధన అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చేరింది. మెదడు కుడి ఎడమ భాగాల మధ్య ఆధిపత్యం తేలకపోవడంవల్ల నత్తి వస్తుందని అక్కడ కొందరు భావించారు. నత్తిగలవారి కుడిచేతికి కట్టు కట్టి, ఎడమచేతితో పనులు చేయించి చూచారు. ఫలితం కనిపించలేదు. ఆ చికిత్స పొందినవారిలో వెండెల్ జాన్సన్ అనే నత్తిగల యువకుడు కూడ ఉన్నాడు. తరువాత అతడే అక్కడ ఆచార్యుడై కొత్త సిద్ధాంతం చెప్పినాడు. చిన్నపిల్లలందరూ మాటలలో తడబడతారు. దానికి పెద్దలు 'నత్తి' అని పేరు పెట్టి, పిల్లవానిని జంకించడంవల్లనే అది నిజమైన నత్తిగా మారుతుంది. ఇది అతని వాదం.

దీనిని పరీక్షించడానికి 1939లో జాన్సన్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని డావెన్‌పోర్ట్‌లోని ఒక అనాథశరణాలయంలో ప్రయోగం చేసింది. మొత్తం 22 మంది పిల్లలు. వారిలో ఏ నత్తీ లేని ఆరుగురిని ఎన్నుకొని, 'నీకు నత్తి మొదలవుతున్నది, తప్పులేకుండ మాట్లాడలేకపోతే నోరు తెరవకు' అన్న రీతిగా నెలల తరబడి నూరిపోశారు. ఆ పిల్లలు మాట్లాడడం తగ్గించివేశారు, బిడియస్థులైనారు, చదువులో వెనుకబడినారు. సిద్ధాంతవ్యాసం అచ్చుకాకుండ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే ఉండిపోయింది. 2001లో ఒక వార్తాపత్రిక దీనిని బయటపెట్టగా, విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం, అప్పటికి బ్రతికి ఉన్నవారికి, చనిపోయినవారి వారసులకు కలిపి 9 లక్షల 25 వేల డాలర్లు నష్టపరిహారంగా ఇచ్చింది.

ఈ ప్రయోగాన్ని ఎవరూ చేసి ఉండకూడదు. అయినా అది చెప్పిన విషయం ఒకటున్నది. 2002లో ఆంబ్రోజ్, యాయిరీ అనే పరిశోధకులు పాత లెక్కలన్నీ తిరిగి పరిశీలించి, ఆ ఆరుగురికి నత్తి వచ్చిందనడానికి ఆధారం లేదని తేల్చినారు. అంటే, గద్దించి, సిగ్గుపరచి, ఎవరికీ నత్తి తెప్పించలేము. మౌనం మాత్రం తెప్పించగలము. తల్లిదండ్రులు దీనిని గుర్తించవలె. బిడ్డకు నత్తి వచ్చినందుకు తమ పెంపకమే కారణమని కుమిలిపోయే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. వారి తప్పు ఏమీ లేదు.

మరి అసలు కారణం? కుటుంబాలలో నత్తి వంశానుగతంగా వస్తుందన్నది చాల కాలంగా తెలుసు. ఒకే రూపం గల కవలలలో ఒకరికి ఉంటే రెండవవారికి కూడ ఉండడం, సాధారణ కవలలలోకంటె చాల ఎక్కువ. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన డెనిస్ డ్రేనా బృందం, పాకిస్తాన్‌లో నత్తి ఎక్కువగా ఉన్న కుటుంబాలను పరిశీలించి, మూడు జన్యువులలో మార్పులను గుర్తించింది. చిత్రమేమంటే ఆ జన్యువులకు నాలుకతోగాని, కంఠంతోగాని ప్రత్యేక సంబంధం లేదు. కణంలోని చెత్తను విడగొట్టే ఎంజైములను సరియైన చోటికి చేర్చే పనిలో అవి పాల్గొంటాయి. ఇట్టి మార్పును ఎలుకలలో ప్రవేశపెట్టి చూడగా, ఎలుకపిల్లల కూతలలో విరామాలు ఎక్కువైనాయి! 2025లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనం నత్తితో సంబంధమున్న 57 జన్యుస్థానాలను చూపింది. కాబట్టి 'నత్తి జన్యువు' అని ఒక్కదానిని వేలుపెట్టి చూపడానికి వీలులేదు.

మెదడు చిత్రాలు తీసే సాధనాలు వచ్చిన తరువాత ఇంకొక తెర తొలగింది. మాటకు సంబంధించిన ఏర్పాట్లు చాలమందిలో మెదడు ఎడమ భాగంలో జరుగుతాయి. అక్కడ మాటను వినే భాగాన్ని, మాటను నడిపే భాగాన్ని నాడీతంతువుల కట్టలు కలుపుతాయి. ఈ కట్టల అల్లిక నత్తిగలవారిలో ఒకచోట కొంచెం సడలి ఉన్నట్లు 2002లో జర్మన్ పరిశోధకులు చూపించినారు. అంతకుముందే, 1996లో, అమెరికాలో పీటర్ ఫాక్స్ బృందం నత్తిగలవారిచేత ఒంటరిగా ఒకసారి, మరొకరితో గొంతు కలిపి ఒకసారి చదివించి మెదడును పరిశీలించింది. ఒంటరిగా చదివేటప్పుడు మెదడు కుడి భాగం అనవసరంగా ఉద్రేకించి ఉన్నది. గొంతు కలిపినప్పుడు ఆ అలజడి చాలవరకు అణగిపోయింది, నత్తీ పోయింది.

ఇప్పుడు మన ఎక్కాల కుర్రవాని దగ్గరకు రావచ్చు. మాటను ఎప్పుడు ఎత్తుకోవలెనో సంజ్ఞ ఇచ్చే పనిలో మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా అనే నాడీకణ సముదాయాలకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. నత్తిగలవారిలో ఈ లోపలి సంజ్ఞ నిలకడగా రాదని చాలమంది పరిశోధకుల భావన. పద్యంలో ఛందస్సు, పాటలో తాళం, పదిమందితో వల్లించేటప్పుడు పక్కవారి గొంతు బయటినుండి ఆ సంజ్ఞను అందిస్తాయి. మన పేరు మనం చెప్పేటప్పుడు ఏ తాళమూ లేదు. ఎత్తుగడ అంతా మనదే. నత్తి ఎక్కువగా మాట మొదటనే, వాక్యం మొదటనే తగులుకోవడం కూడ ఇందుకు అనుగుణంగానే ఉన్నది.

మాటకు, చెవికి ఉన్న ఈ ముడిని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. సభలో లౌడ్‌స్పీకరు దూరంగా ఉండి, మీ మాట మీకే కాస్త ఆలస్యంగా వినిపిస్తే ఏమవుతుందో గమనించండి. 1950 ప్రాంతంలో బెర్నార్డ్ లీ అనే అమెరికన్ ఈ సంగతి కనిపెట్టాడు. సెకనులో అయిదవవంతు ఆలస్యం చాలు, చక్కని వక్త కూడ తడబడిపోతాడు. ఆశ్చర్యమేమంటే, నత్తిగలవారికి తమ గొంతునే ఇట్లా ఆలస్యంగా వినిపిస్తే చాలమందికి నత్తి తగ్గుతుంది.

ఇక భయం మాట. భయానికి పాత్ర లేదనడం సరికాదు. నత్తి వల్ల భయం పుడుతుంది. పుట్టిన భయం నత్తిని పెంచుతుంది. ముఖ్యంగా దాచవలెనన్న ఆరాటం. అమెరికాలో జోసెఫ్ షీహన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తానూ నత్తిగలవాడే, దీనిని సముద్రంలో తేలే మంచుకొండతో పోల్చినాడు. నలుగురికీ వినిపించే తడబాటు నీటిపైన కనిపించే కొన మాత్రమే. నీటి అడుగున సిగ్గు, బెరుకు, తప్పించుకొనే ఉపాయాలు ఉంటాయి.

ఆ ఉపాయాలు ఎట్లా ఉంటాయో ఇతరులకు తెలియదు. 'పాఠశాల' రాదనిపిస్తే 'బడి' అంటారు. 'పుస్తకం' రాకపోతే 'బుక్కు'. విజయవాడలో బస్సెక్కి కంకిపాడులో దిగవలసినవాడు, 'కం' దగ్గర ఆగిపోతానేమోనని, ముందున్న ఉయ్యూరుకు టికెట్టు కొని కంకిపాడులో దిగిపోతాడు. హోటలులో దోసె కావలసి ఇడ్లీ తిని వస్తాడు. తెలిసిన జవాబుకు చేయి ఎత్తడు. ఇట్లా ఒక్క తడబాటు లేకుండ దినమంతా గడిపేవారు ఉన్నారు. వారికి నత్తి లేదని ఇంట్లోవారే అనుకొంటారు. రోజంతా ప్రతి వాక్యంలో రెండు మాటలు ముందు చూచుకొంటూ, దారి మార్చుకొంటూ పోయే మనిషి అలసట ఎంతో ఊహించండి.

ఈ వ్యాసకర్తకు అయిదవ ఏటినుండి నత్తి ఉన్నది. పదేళ్ళుగా కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాడు. ఈ వృత్తిలో ఒక ఇబ్బంది: పారిభాషిక పదాలకు పర్యాయపదాలు లేవు. 'పీడనం' రాకపోతే 'ఒత్తిడి' అని నెట్టుకు రావచ్చునేమో గాని, పాస్కల్ పేరు పాస్కలే. మొదటి రెండు సంవత్సరాలు రాని మాటలన్నీ నల్లబల్లమీద వ్రాయడంతో గడిచిపోయినవి. ఆ తరువాత, ప్రతి సంవత్సరం మొదటి తరగతిలోనే "నాకు నత్తి ఉన్నది. మాట ఆగితే కాస్త ఆగండి, వస్తుంది" అని చెప్పివేయడం మొదలైనది. నత్తి పోలేదు. కాని దాచే పని పోయినందువల్ల పాఠం తేలికపడింది. ముందు బెంచీవారు అప్పుడప్పుడు జాలితో మాట అందిస్తూ ఉంటారు. సగంసార్లు వారు అందించేది తప్పు మాట; దానిని సరిదిద్దడానికి మరికొంత నత్తి ఖర్చవుతుంది.

నత్తిని పూర్తిగా మాన్పే మందు నేటివరకు లేదు. అయితే చేయదగినది చాల ఉన్నది. బడి ఈడు రాని పిల్లలకు చికిత్స బాగా పనిచేస్తుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలోని లిడ్‌కంబ్‌లో రూపొందిన పద్ధతిలో తల్లిదండ్రులే, వాక్‌చికిత్సకుల సలహాతో, రోజూ కొద్దిసేపు బిడ్డతో మాట్లాడి, తడబాటు లేని మాటను మెచ్చుకొంటారు. మూడు నాలుగేళ్ళ బిడ్డకు ఆరునెలలు దాటినా నత్తి తగ్గకపోతే, కుటుంబంలో ఇతరులకు కూడ ఉంటే, 'పెద్దయితే పోతుందిలే' అని ఊరుకోక వాక్‌చికిత్సకులకు చూపించడం మంచిది. మైసూరులో 1965లో స్థాపించిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో పేరుపొందినది. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది.

పెద్దవారి విషయంలో చార్లెస్ వాన్ రైపర్ చూపిన మార్గం నేటికీ ఆదరణ పొందుతున్నది. ఆయన కూడ అయోవా నుండి వచ్చినవాడు, తీవ్రమైన నత్తిగలవాడు. నత్తి రాకుండ మాట్లాడవలెనని పెనుగులాడడం మాని, సులువుగా నత్తి పలకడం నేర్చుకోవలెనని ఆయన బోధించాడు. మాట పట్టివేసినప్పుడు బలంగా తోయకుండ, బిగువు సడలించి, మొదటి ధ్వనిని మెల్లగా జార్చడం. ఒక మాట దగ్గర చిక్కుకుంటే ఆగి, దానినే తిరిగి నెమ్మదిగా అనడం. కావలెనని అక్కడక్కడ తడబడి ఆ జంకును పోగొట్టుకోవడం ఇందులో భాగాలు. వినడానికి వింతగా ఉన్నా, సాధన చేసినవారికి ఇందులోని నిజం తెలుస్తుంది.

ఇంగ్లండు రాజు ఆరవ జార్జి కథ 2010లో సినిమాగా వచ్చి అందరికీ తెలిసింది. 1925లో వెంబ్లీ ప్రదర్శనలో ఆయన చేసిన ప్రసంగం వినేవారిని, ఆయనను కూడ బాధపెట్టింది. మరుసటి సంవత్సరం లియొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా దేశస్థుని దగ్గర అభ్యాసం మొదలుపెట్టాడు. 1939 సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించిన దినాన రేడియోలో మాట్లాడినప్పుడు కూడ ఆయన మాటల మధ్య విరామాలు ఉన్నవి. ఎక్కడ ఆగవలెనో ప్రసంగం ప్రతిపై గీతలు గీసి ఉంచుకొన్నారు. ఆయన నత్తి పూర్తిగా పోలేదు. నత్తి ఉంటూనే చెప్పవలసినది చెప్పగలిగినాడు.

తరగతి గది సంగతి చెప్పి ముగిస్తాను. నత్తిగల విద్యార్థి మాట్లాడుతున్నప్పుడు 'నిదానంగా చెప్పు', 'గట్టిగా ఊపిరి తీసుకో', 'కంగారుపడకు' అనడంవల్ల ఉపయోగం లేదు. అతనికి ఆ సలహా వందలసార్లు అందే ఉంటుంది. మాటను మధ్యలో అందుకొని పూర్తిచేయకూడదు. ముఖం వైపు మామూలుగా చూస్తూ, చెప్పే విషయం వినవలె. ఉపాధ్యాయుడు తాను మాట్లాడే వేగం కొంచెం తగ్గించుకొంటే అది సలహాకంటె మేలు. వరుసగా ఒక్కొక్కరిచేత చదివించే పద్ధతిలో, తన వంతు వచ్చేవరకు ఆ విద్యార్థి పాఠం వినడు. తన భాగంలోని మాటలు లెక్కపెట్టుకొంటూ ఉంటాడు. అతనిని మొదటనే పిలవడం, లేదా పక్కవానితో కలిపి ఇద్దరిచేత చదివించడం మంచిది. ఒకే భాగాన్ని రెండు మూడుసార్లు చదివితే నత్తి తగ్గుతుందని 1930ల నాటి ప్రయోగాలలోనే తేలింది కనుక, ముందురోజే భాగం చెప్పి ఉంచవచ్చు. చదవడం నుండి అతనిని పూర్తిగా మినహాయించడం దయగా కనిపిస్తుంది గాని, అది దాచడానికి మనమే తోడ్పడడం అవుతుంది. ఏది కావలెనో అతనినే, ఒంటరిగా ఉన్నప్పుడు, అడిగి తెలుసుకోవలె. వెక్కిరించే పిల్లల విషయంలో మెత్తదనం పనికిరాదు. 'నత్తోడు' అన్న పేరు మొదటిసారి వినిపించిననాడే ఆపించవలె.

హాజరుకు నోటిమాట తప్పనిసరి కాదు. అందరూ చేయి ఎత్తితే చాలు. ప్రయోగ పరీక్షలో మౌఖిక ప్రశ్నలున్నప్పుడు, బయటినుండి వచ్చిన పరీక్షకునికి విద్యార్థి అనుమతితో ముందే ఒక మాట చెప్పి ఉంచవలె. ఇతనికి జవాబులు వస్తాయి, ఒక్కొక్కదానికి మరికొంత సమయం పడుతుంది, అంతే. అవసరమైతే అతనిని చివరివానిగా పిలిస్తే, వెనుక ఎవరూ కాచుకొని ఉండరు.